రేకుల పొయ్యి దగ్గర నవ్వకూడదు

"మామ్మా, ఆ సినిమా నీకు మొత్తం కంఠతా వచ్చు కదా. ఇప్పటికీ అంత నవ్వెలా వస్తుంది నీకు?"

ఏంటే, ఫోను నా మొహం ముందు పెట్టి అడుగుతున్నావు? రికార్డు చేస్తున్నావా? చెయ్యి చెయ్యి. పళ్ళ సెట్టు పెట్టుకోనా మరి? వద్దా? సరే, అయితే మాట అటూ ఇటూ జారిందంటే నన్ననకు.

నవ్వెలా వస్తుందంటే ఏం చెప్పనే. నువ్వు పొద్దస్తమానం బొటనవేలితో ఆ రీళ్ళు పైకి తోస్తుంటావు కదా. నవ్వుతావు, తోసేస్తావు, మళ్ళీ నవ్వుతావు. సాయంత్రం అడిగితే దేనికి నవ్వావో నీకే గుర్తుండదు. తప్పని కాదులే. మాకు అంత సరుకెక్కడిదీ! ఒక సినిమా చూస్తే ఏడాదంతా దాన్నే చెప్పుకునేవాళ్ళం. ఒక పుస్తకం ఉంటే అట్టలూడేదాకా చదివేవాళ్ళం, అట్టలూడాక కూడా చదివేవాళ్ళం. నవ్వొచ్చే చోటు ముందే తెలుసు కదా, అది వస్తోంది వస్తోంది అని కాసుక్కూచోడంలోనే సగం నవ్వు. చంటిపిల్లతో దాగుడుమూతలాడితే, తలుపెనకాలే ఉన్నావని తెలిసీ కిలకిలా నవ్వదూ? నువ్వలాగే నవ్వేదానివి. ఇప్పుడు పెద్దదానివైపోయావు, రాజమండ్రి కాలేజీ, హాస్టలూను.

అసలు నీకు మా అత్తగారి సంగతి చెప్పాలి. అంటే మీ తాతయ్య వాళ్ళమ్మ. మాణిక్యమ్మ గారు. నువ్వు చూళ్ళేదు, మీ నాన్న మాత్రం ఆవిడ ఒళ్ళోనే పెరిగాడు. హాల్లో ఫొటో ఉంది చూడు, మూతి బిగించుకుని, ఎవరిమీదో కోపమొచ్చినట్టు ఉంటుంది. కోపం కాదే అది. చెప్తా.

మా పుట్టిల్లు తణుకు దగ్గర కదా. మా నాన్న బళ్ళో పంతులు. ఆయనకి నవ్వుల పుస్తకాలంటే మహా పిచ్చి. సాయంత్రం అరుగు మీద కూచుని పైకి చదివేవాడు, మేం నలుగురం అక్కచెల్లెళ్ళం, మా అమ్మ, పక్కింటి వాళ్ళు, అందరం చుట్టూ. చదువుతూ చదువుతూ తనే ముందు నవ్వేసి, కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకుని, "ఎక్కడున్నానే అమ్మడూ?" అని అడిగేవాడు. నన్ను కాపరానికి పంపేటప్పుడు ట్రంకు పెట్టెలో చీరల అడుగున ఒక పుస్తకం పెట్టాడు. మా అమ్మ తిట్టింది. అత్తారింటికెళ్ళే పిల్లకి ఎవరైనా పుస్తకం పెడతారా, ఆ జాగాలో ఇంకో గిన్నె పట్టేది కదా అని. మా నాన్న ఏమన్నాడో తెల్సా? "గిన్నెలు వాళ్ళింట్లో ఉంటాయే. ఇది ఉంటుందో ఉండదో" అన్నాడు.

నిజంగానే లేదు. ఈ ఇంట్లో... అంటే ఈ డాబా కాదు, అప్పుడు పెంకుటిల్లు, ఈ స్థలంలోనే... ఈ ఇంట్లో నవ్వు లేదు. మా మావగారు మీ తాతయ్యకి ఊహ తెలియకముందే పోయారు. అత్తయ్యకి అప్పుడు ఎంత వయసు, నీ అంతుంటుందేమో. కొంచెం పొలం ఉంది, కౌలుకిచ్చింది, కానీ ఇల్లు నడిచింది పూతరేకుల మీదే. ఆత్రేయపురం చుట్టుపక్కల ఇదంతా ఆడవాళ్ళ పనే కదా. ఇప్పుడు నువ్వు డబ్బాల్లో తింటున్నావు, జీడిపప్పులు, చాక్లెట్లు, ఏవేవో కూరుతున్నారు. అప్పుడు పంచదారా నెయ్యీ, లేదంటే బెల్లం. అంతే. వీశెడు బెల్లం ఎంతకొచ్చేదో చెప్తే నువ్వు నమ్మవు. సర్లే, ఇప్పుడు ఆ లెక్కలెందుకు.

రేకు తియ్యడం నువ్వు సరిగా చూళ్ళేదు కదూ. కుండ బోర్లించి, కింద ఎండు కొబ్బరాకు మంట పెడతారు. బియ్యప్పిండి పల్చగా పాలల్లే కలిపి, అందులో మెత్తటి పంచె గుడ్డ ముంచి, కుండ మీద ఇలా పరిచి లాగేస్తారు. ఆ గుడ్డ వెళ్ళేసరికి కుండ మీద రేకు ఉంటుంది. మన ఊపిరి తగిలితే చాలు, ఎగిరిపోతుంది. అందుకని ఆ గదిలో మాట్లాడ్డమే తక్కువ. తుమ్మొస్తే బయటికి పరిగెత్తాలి. ఇంక నవ్వా? రేకుల పొయ్యి దగ్గర నవ్వకూడదు, అది మా అత్తగారి శాసనం. ఇద్దరు ముగ్గురు వీధిలో ఆడవాళ్ళు వచ్చి ఆవిడతో పాటు చేసేవారు, వాళ్ళూ మూగనోము పట్టినట్టు కూచునేవారు.

నేనేమో కొత్తకోడల్ని, నా చేతికి రేకు రాదు. ఒకటి చిరిగేది, ఒకటి ముద్దయ్యేది, ఒకటి మాడేది. ఆవిడ తిట్టేది కాదు. తిడితే బాగుణ్ణు. ఊరికే ఓసారి చూసి, చిరిగిన రేకు తీసి పక్కన పెట్టేది. "వెళ్ళి కొబ్బరాకు తీసుకురా" అనేది. అంతే మాట. రోజుల తరబడి అంతే. నాకు రాత్రిళ్ళు ఏడుపొచ్చేది. ఈవిడకి నేనంటే పడదనుకున్నాను.

మీ తాతయ్యే చెప్పారు అసలు సంగతి. మావగారు పోయిన కొత్తలో రామాలయం దగ్గర హరికథ పెట్టారట. అత్తయ్య ఆడవాళ్ళలో వెనకాల కూచుందట. దాసుగారు మధ్యలో ఏదో పిట్టకథ చెప్పి అందర్నీ నవ్వించారట, ఈవిడా నవ్వింది. చిన్నపిల్లే కదే పాపం! నవ్వు రాదూ? పక్కనే మా మావగారి అక్కగారు, వెంకమ్మ గారని, ఇంటికి పెద్దదిక్కు, ఆవిడ అందరికీ వినబడేలా అందిట. "మొగుడు పోయి ఏడాదన్నా తిరగలేదు, నవ్వెలా వస్తోందే నీకు?" అని. చూశావూ, ఇందాక నువ్వడిగావే, అదే మాట. నువ్వు ముద్దుగా అడిగావు. ఆవిడలా అడగలేదు. అత్తయ్య మధ్యలోనే లేచి ఇంటికొచ్చేసిందట, పిల్లాణ్ణి చంకనేసుకుని. అంతే. ఆ తరవాత ఇంక హరికథా లేదు, నాటకం లేదు, సినిమా లేదు. ఎవరింట్లోనైనా నవ్వులాట మొదలైతే పైట కొంగు నోటికడ్డం పెట్టుకుని లేచి వెళ్ళిపోయేది. అదలాగే అలవాటైపోయింది.

ఏదీ, ఎక్కడున్నాను? ఆ, పుస్తకం. ఒక రోజు నేను చిరగ్గొట్టిన రేకులు చూసి చూసి, పక్కవాళ్ళలో ఒకావిడ, "అమ్మాయీ, నువ్వు పంతులుగారి కూతురివి కదా, ఊరికే కూచునే బదులు ఏదన్నా చదవరాదూ" అంది. ఆవిడ రామాయణమో భాగవతమో అనుకుంది పాపం. నా దగ్గరున్నది ఒకటే పుస్తకం. అత్తయ్య వైపు చూశాను. ఆవిడ ఔననలేదు, కాదనలేదు. గుమ్మం దగ్గర కూచుని మొదలెట్టాను.

ఆ కథేంటంటే, ఒక పెద్దమనిషి, తలపాగా, చేతికర్ర, మహా దర్జా, కొడుకు కోసం పిల్లని చూడ్డానికి పొరుగూరు వెళ్తాడు. వాళ్ళింట్లో వాకిట్లో మంచం మీద గుమ్మడి వడియాలు పెట్టి, కాకులు వాలకుండా పైన బట్ట కప్పి ఉంచారు. ఈయన చూసుకోకుండా, రండి కూచోండి అనేలోపే, దాని మీద చతికిలబడ్డాడు. కూచున్నాక తెలిసింది. పంచెంతా పచ్చి వడియాలు. ఇంక లేస్తే పరువేం కానూ? లేవడు. కాళ్ళు కడుక్కోండంటే ఇంటి దగ్గరే కడుక్కుని బయల్దేరానంటాడు. భోజనానికి లేవండంటే ఇవాళ ఉపవాసమంటాడు. పెళ్ళి మా ఊళ్ళోనే చెయ్యాలంటే సరే. మేళం మీదే అంటే సరే. దేనికీ వాదించడానికి లేదు, ఎందుకంటే లేచి విసురుగా వెళ్ళిపోయే దారి లేదు కదా! పిల్ల తరపువాళ్ళు, ఎంత మంచి వియ్యంకుడు దొరికాడని మురిసిపోతుంటారు. ఎండ ఎక్కుతోంది, వడియాలు ఆరుతున్నాయి, ఆయన మంచానికి అతుక్కుపోతున్నాడు.

నేను మా నాన్నలాగే చదివాను, ఆ దర్జా గొంతుతో. ముందు ఒకావిడ ముక్కులోంచి బుస్సుమంది. ఆవిడ చేతిలో రేకు ఎగిరిపోయి గోడకంటుకుంది. అది చూసి ఇంకొకావిడ. ఆవిడ బుట్టలో పేర్చిన రేకులన్నీ చెదిరిపోయాయి. అత్తయ్య వంక చూశాను. మొహంలో ఏం లేదే. ఆ ఫొటోలో ఎలా ఉందో అలాగే. గుడ్డ ముంచింది, కుండ మీద వేసింది, లాగింది. రేకు నడిమికి చిరిగింది. ఆవిడ రేకు చిరగడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. మొహం నవ్వలేదు గానీ, చెయ్యి నవ్వేసిందన్నమాట.

"చాలు, ఆపు" అని లేచి పెరట్లోకెళ్ళిపోయింది. కొంగు నోటికడ్డం పెట్టుకునే. ఆ రోజు రేకులు సగం పోయాయి. ఇంక నన్ను పుట్టింటికి పంపేస్తారేమో అనుకున్నాను, నిజంగా.

మర్నాడు పొద్దున్న నేను పిండి రుబ్బుతున్నాను. వెనకాల నుంచుంది. ఎంతసేపటికీ వెళ్ళదు. కొబ్బరాకు తెమ్మంటుందేమో అనుకుంటున్నాను. మెల్లిగా అడిగింది, "ఆ మనిషి మంచం మీంచి లేచాడా?" అని.

ఒసే, అదే నాతో ఆవిడ మనసుతో మాట్లాడిన మొదటి మాట. "లేదత్తయ్యా, ఇంకా ఉంది కథ" అన్నాను. "పొయ్యి ఆర్పాక చదువు" అంది. అప్పట్నుంచి అదే పద్ధతి. పొయ్యి ఆరేదాకా ఎవరూ నవ్వకూడదు. ఆరాక పుస్తకం. ఒకే పుస్తకం, తిరగేసీ మరగేసీ. వడియాల కథ వచ్చిందంటే అందరూ ముందే నడుం సర్దుకుని కూచునేవారు. అత్తయ్య మాత్రం గోడవైపు తిరిగి కూచునేది, మేం చూడకుండా. భుజాలు కదిలేవి. మేం చూడనట్టు ఉండేవాళ్ళం.

మరేమో ఏడాదయ్యాక అన్నవరం మొక్కుంది మాకు. నేనూ మీ తాతయ్యా కొండెక్కి వ్రతం చేసుకుని, రైలెక్కి రాజమండ్రిలో దిగాం. అక్కడ హాల్లో కొత్త సినిమా. మీ తాతయ్య, "వెళ్దామా?" అన్నారు. ప్రసాదం విస్తరాకు పొట్లాలు ఒళ్ళో పెట్టుకునే చూశాం. నెయ్యి కారి చీరంతా మరకలు. మ్యాట్నీ. నేల టిక్కెట్టు కాదు, బెంచీ, కొత్త పెళ్ళాం కదా మరి! ఇందాక నేను చూసి నవ్వానే, ఆ సినిమానే. ఆ పెళ్ళిళ్ళు కుదిర్చే ఆయన, గొడుగేసుకుని, మొగపెళ్ళివారి దగ్గర ఒక మాటా ఆడపెళ్ళివారి దగ్గర ఒక మాటా చెప్పుకుంటూ తిరుగుతాడే, అదే. ఎవర్నీ ఎకసెక్కం చెయ్యడు చూడు. ఆఖరికి తనే ఇరుక్కుంటాడు, తనే బిక్కమొహం వేస్తాడు. మన ఇంటికొచ్చే బాబాయి ఎవరో అయినట్టుంటాడు. అందుకే ఇన్నేళ్ళయినా మొహం మొత్తదు.

ధవళేశ్వరంలో పడవెక్కి ఇవతలికొచ్చి ఇల్లు చేరేసరికి, అత్తయ్యకి జ్వరం. అలా ఇలా కాదు, చాలా రోజులు పట్టుకుంది. జ్వరం తగ్గాక కూడా లేవదు. అన్నం వద్దంటుంది. గోడవైపు తిరిగి పడుకుంటుంది. రేకుల పొయ్యి చల్లారిపోయింది. మీ తాతయ్య మంచం దగ్గర నుంచుని ఏం చెయ్యాలో తెలీక అలా చూసేవారు. ఆయనకున్నది తల్లొక్కతే కదే. నాకూ భయమేసింది. బతకాలన్న ఆశ ఆవిడకే లేనట్టనిపించింది.

అప్పట్లో ఎవరైనా సినిమా చూసొస్తే ఇంట్లోవాళ్ళకి కథంతా చెప్పాలి, అది రివాజు. పాటలతో సహా. నేను మంచం పక్కన కూచుని మొదలెట్టాను. ఉలకలేదు పలకలేదు. గొడుగాయన దగ్గరకొచ్చేసరికి పెదవి ఇలా ఒక పక్కకి కొంచెం కదిలింది. నాకు ప్రాణం లేచొచ్చింది. సినిమాలో ఆయన ఒకరింటికెళ్ళి, చెంబుడు మజ్జిగ తాగి, అబద్ధాలు చెప్పి వెళ్ళిపోతాడు. అంతే ఉంది. కానీ అది అయిపోతే ఈవిడ మళ్ళీ గోడవైపు తిరిగిపోతుందని నా భయం. ఇంక నోరు ఆగలేదే. ఎక్కణ్ణుంచి వచ్చిందో, వచ్చేసింది.

"అక్కణ్ణుంచి పక్కింటికెళ్తాడత్తయ్యా. అక్కడ రేకులు తీస్తుంటారు" అన్నాను. అత్తయ్య ఇటు తిరిగింది. "ఒకావిడ కుండ దగ్గర కూచుని ఉంటుంది. ఒక్క మాట మాట్లాడదు. ఈయన చెప్పులతో లోపలికొచ్చేస్తాడు. 'అమ్మా, నేను కుదిర్చిన పెళ్ళిళ్ళు ఇన్నీ అన్నీ కాదు' అంటాడు, ఆ గాలికి ఒక రేకు లేచి వెళ్ళిపోతుంది. 'ఫలానా ఫలానా వారంతా నా చలవే' అంటాడు, ఇంకో రేకు. ఆవిడ చూస్తుంది, అంతే. ఆయన ఆపడు. రేకులన్నీ లేచి చెమట పట్టిన ఆయన బట్టతల మీద అతుక్కుంటాయి, మీసాల మీద అతుక్కుంటాయి. అప్పుడావిడ నింపాదిగా లేచి, తడిగుడ్డ తీసి ఆయన నోటికి కట్టేసి, పొయ్యి దగ్గర కూచోబెట్టి, సాయంత్రం దాకా కొబ్బరాకు ఎగదోయిస్తుంది. హాలంతా చప్పట్లు" అన్నాను.

అత్తయ్య నా మొహంలోకి చూసింది. "ఆవిడకా చప్పట్లు?" అంది. "ఆవిడకే" అన్నాను. "మగవాళ్ళు కూడానా?" "మగవాళ్ళే ఎక్కువ కొట్టారు" అన్నాను. ఆ తరవాత, "ఆవిడ బొట్టు పెట్టుకుందా?" అని అడిగింది.

ఏమని చెప్పను? పెట్టుకుందంటే ఒక బాధ, లేదంటే ఒక బాధ. "లేదత్తయ్యా" అన్నాను.

"బొట్టు లేకపోయినా కొట్టారా" అంది. అని, లేచి కూచుని, కాస్త మజ్జిగన్నం కలుపుకురమ్మంది.

ఇంక అప్పట్నుంచీ, నమ్ము, ఎన్నిసార్లు చెప్పించుకుందో. మనసు బాగోకపోతే, వాన పట్టి రేకులు మెత్తబడిపోతే, నాకు నొప్పులొస్తుంటే కూడా, అంటే మీ నాన్న పుట్టేటప్పుడు, మంత్రసాని కోసం కబురెళ్ళింది, నేను కేకలు పెడుతున్నాను, "ఆ రేకులావిడ సీను చెప్పవే, నొప్పి తెలీకుండా ఉంటుంది" అంది! నేను చెప్తూ చెప్తూ ఏడుస్తూ నవ్వాను. ఈలోపు రేకు తియ్యడం నాకూ వచ్చేసింది, ఆవిడే చెయ్యి పట్టుకుని నేర్పింది. వీధిలో వాళ్ళకీ ఆ సీను పాకిపోయింది. మా ఇంటికొచ్చిన ప్రతి ఆడమనిషికీ తెలుసు, ఫలానా సినిమాలో రేకులావిడ ఉందని. సినిమా హాలుకెళ్ళి మళ్ళీ చూసే వీలెవరికుంది? కోడలుపిల్ల చూసొచ్చిందంటే చూసొచ్చినట్టే.

అలా ఏళ్ళు గడిచిపోయాయి. మీ నాన్న హైస్కూలుకొచ్చాడు. టీవీలొచ్చాయి. మీ తాతయ్య ధాన్యం డబ్బులతో ఒకటి కొనుక్కొచ్చారు, చెక్క తలుపులుండేవి దానికి. శనివారం సాయంత్రం తెలుగు సినిమా. వీధి వీధంతా మా సావిట్లోనే. ఒక శనివారం ఈ సినిమా వేస్తారని తెలిసింది. రేకుల వాళ్ళంతా తయారైపోయారు, "ఇవాళ రేకులావిణ్ణి చూస్తాం" అని. వెంకమ్మ గారు కూడా కర్ర పొడుచుకుంటూ వచ్చి పడక్కుర్చీలో కూచుంది. బాగా పెద్దదైపోయింది అప్పటికి, నోరు మాత్రం అలాగే ఉంది. అత్తయ్య ఎప్పట్లాగే వెనకాల, గోడ వార కూచుంది.

నేను వంటింటి గుమ్మం దాటి రాలేదే. గొడుగాయన వచ్చాడు, అందరూ నవ్వుతున్నారు. మజ్జిగ చెంబు వచ్చింది. తాగేశాడు. మూతి తుడుచుకున్నాడు. ఇంక పాట మొదలైపోయింది.

"అదేంటి, రేకులావిడేదీ?" అన్నారెవరో. "తరవాత వస్తుందేమో" అన్నారు ఇంకెవరో. ఎక్కణ్ణుంచి వస్తుంది? కాసేపటికి అందరూ వెనక్కి తిరిగి నా వంక చూడ్డం మొదలెట్టారు. వెంకమ్మ గారు ఊరుకుంటుందా? "అంటే ఇన్నేళ్ళూ లేనిదాన్ని ఉన్నట్టు చెప్పి, మీ అత్తని వెర్రిదాన్ని చేసి ఆడించావన్నమాట" అంది. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. వాళ్ళేమనుకున్నా పర్వాలేదే, అత్తయ్య నా మాట మీద అన్నేళ్ళు ఆశ పెట్టుకుందే! ఆవిడ మొహం చూసే ధైర్యం లేదు నాకు.

అప్పుడు అత్తయ్య లేచింది. జనం మధ్యలోంచి నడిచొచ్చి టీవీ ముందు నుంచుంది. పిల్లలు అడ్డు లెమ్మని గోల. "ఒరే, దాని గొంతు తగ్గించు" అంది మీ తాతయ్యని. ఆయన బిత్తరపోయి తగ్గించారు. ఇంక మొదలెట్టింది చూడూ! "మజ్జిగ తాగాడా, తాగి పక్కింటికొచ్చాడు. చెప్పులతో వచ్చాడు వెధవ" అని. ఆ గొడుగాయన గొంతు పెట్టింది, ఆయన నడక నడిచింది, రేకులెగిరిపోతే ఇలా ఇలా చేతులతో చూపించింది. ఆవిడకి అలాంటిది వచ్చని కన్నకొడుక్కే తెలీదే! తడిగుడ్డ నోటికి కట్టే చోటుకొచ్చేసరికి, నడుముకి దోపుకున్న తువ్వాలు తీసి, ఎవరికి కట్టబోయిందనుకున్నావు? సరాసరి వెంకమ్మ గారి పడక్కుర్చీ దగ్గరికెళ్ళి, ఇలా మొహం ముందు ఆడించింది. కట్టలేదులే. కానీ సావిడి కూలిపోయింది నవ్వులతో. వెంకమ్మ గారు ముందు కళ్ళెర్రజేసింది, ఆ తరవాత ఆవిడ వల్ల కూడా కాలేదు, బోసినోరు తెరిచి నవ్వి నవ్వి, దగ్గొచ్చేసింది. అత్తయ్యే చెంబుతో నీళ్ళిచ్చి వీపు రాసింది.

అత్తయ్య నవ్విందే. అంతమందిలో, టీవీ వెలుగులో, కొంగు అడ్డం పెట్టుకోకుండా. పైపళ్ళు కొంచెం ఎత్తు ఆవిడవి. నాకప్పుడే తెలిసింది. ఎంత బాగుందనుకున్నావు. మీ తాతయ్య చాటుకెళ్ళి కళ్ళు తుడుచుకున్నారు.

మర్నాడు పొయ్యి రాజేస్తూ అడిగాను. "అత్తయ్యా, ఆ సీను లేదని రాత్రే తెలిసిందా మీకు?"

ఆవిడ కుండ మీద నీళ్ళు చిలకరించి వేడి చూసుకుంటోంది. "మొదటిరోజే తెలిసింది. ఆవిడ ఎడమచేత్తో రేకు తీస్తుందన్నావు కదే" అంది. అయ్యో, నీకు చెప్పడం మర్చిపోయాను, మా అత్తగారిది ఎడమచేతి వాటం. ఈ లంకలన్నిటిలో ఎడమచేత్తో రేకు తీసేది ఆవిడొక్కతే. నేను ఆవిణ్ణే చూస్తూ చెప్పానేమో, అది కూడా కలిసిపోయింది. నాకు గుర్తే లేదు.

"మరి అన్నిసార్లు ఎందుకు చెప్పించుకున్నారత్తయ్యా?" అన్నాను.

రేకు తీసి బుట్టలో పెట్టింది. "నన్నలా ఇంకెవరు చూశారే?" అంది.

...

ఏంటే, ఆ కళ్ళు తుడుచుకోడమేంటి? నవ్వు సంగతి అడిగితే ఏడిపించానా? ఇటు రా. ఇలా దగ్గర కూచో. జుట్టు చూడు ఎలా ఉందో, హాస్టల్లో నూనె రాసేవాళ్ళే లేనట్టుంది... ఏం లేదమ్మా, నువ్వు ఏ ఇంటికెళ్ళినా, ఏ ఊళ్ళో ఉన్నా, పక్కన ఒక్క మనిషుండాలి, నువ్వు నవ్వితే చూసి మురిసే మనిషి. ఉంటారు. ఉండకేం. నువ్వు కడుపారా నవ్వుకుంటూ నిండు నూరేళ్ళూ చల్లగా ఉండు నా తల్లీ. ఆ సబ్బు నురగలాంటి గౌను... కాదు, ఏంటదీ, టాపు, దానికి నూనంటుతుంది, తువ్వాలు తెచ్చుకో, తలకి రాస్తా.